పత్తికట్టె పొయ్యికా, పొలమునకా?

సంక్రాంతి పండుగ వెళ్ళిన కొలది దినములకు పల్నాటి నల్లరేగడి చేలను చూచినవారికి ఒక మార్పు స్పష్టముగా కనబడును. మొన్నమొన్నటి వరకు తెల్లగా విరిసియున్న పత్తిచేలు చివరి తీతలు ముగిసి, ఆకు రాలి, కట్టెలై నిలిచియుండును. ప్రక్కచేనిలో మిరపతోట ఎఱ్ఱబారి కోతకు కూలీలను పిలుచుచుండును. గుంటూరు నుండి నరసరావుపేట మీదుగా మాచర్ల వైపు పోయినను, చిలకలూరిపేట నుండి మార్టూరు మీదుగా ఒంగోలు వైపు దిగినను ఇదియే దృశ్యము. పత్తి అమ్మకమునకు పోయినది. వచ్చిన సొమ్ము అప్పునకు చాలినదో, చేతిలో కొంత మిగిలినదో, ఆ లెక్క వేఱు. చేనిలో మిగిలినది మాత్రము కట్టె. దానిని ఏమి చేయవలెను?

ప్రశ్న చిన్నదిగా తోచును. కాని ఏటేటా ఆ ప్రాంతపు రైతుకుటుంబములలో ఇది చిన్న తగవునకు కారణమగుచునే యున్నది. పెద్దవారు కట్టెను ఇంటికి తోలింపుమందురు. కుఱ్ఱవారు యంత్రము పెట్టి నేలలో కలిపివేయుదమందురు. ఇరువురి మాటలోను సత్యమున్నది. ఇరువురును మఱచునది కూడ ఒకటి యున్నది.

1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేఱుపడినవి. పటములో గీతలు మాఱినవి గాని నేల మాఱలేదు. నల్లరేగడి యున్నంతమేర పత్తియు మిరపయు, తేలికనేలలలో పొగాకును ఈ ప్రాంతపు బ్రతుకును నడుపుచున్నవి. కనుక కట్టె ప్రశ్నయు ఈ మైదానమంతటికిని ఉమ్మడి ప్రశ్నయే.

ఒక సామాన్య రైతుకుటుంబమును మనస్సులో నిలుపుకొనినచో విషయము సుబోధకమగును. ఐదెకరముల పత్తి. ఇంట తల్లి, కొడుకు, కోడలు, ఇద్దఱు బడిపిల్లలు. ఊరిలో నొకరు ట్రాక్టరుకు తగిలించు రోటవేటరును అమ్మజూపినారు. నాలుగేండ్లు వాడినది. కొడుకు దానిపై కన్నువేసినాడు.

"అమ్మా, సగం ధరకే వస్తోంది. ట్రాక్టరు బావది ఉండనే ఉంది. రెండు పూటల్లో చేను శుభ్రమైపోతుంది" అని అతని వాదము.

"శుభ్రం సరేరా అబ్బాయ్! ఏడాది పొడుగునా పొయ్యిలో ఏం పెట్టమంటావు? ఉన్న డబ్బు పోసి మిషను కొని, మళ్ళీ అప్పు చేసి కట్టెలు కొంటావా?" అని తల్లి ప్రశ్న.

వంటయింటి లోపలినుండి కోడలి కంఠము వినవచ్చును: "పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని నేను గదా అత్తయ్యా, నన్ను కూడా ఒక మాట అడగండి."

హిమదేశములలోని గృహస్థునకు గూడ ఇట్టి చింతయే కలదు. కెనడాలో శీతకాలము సమీపించునప్పుడు, వాకిటి మంచును ఎగజిమ్ము పాతయంత్రమును కొందునా, ఆ సొమ్మును ఇల్లు వెచ్చజేయు కట్టెలపై పెట్టుదునా యని అతడు తలపోయును. దేశము వేఱైనను ప్రశ్న స్వరూపము ఒక్కటియే. పాతయంత్రము శ్రమను తగ్గించును. కట్టె ఇంటి అవసరమును తీర్చును. చేతనున్న సొమ్ము ఒక్కదానికే చాలును. అందుచేత ఇంటిలోని మూడు మాటలను వరుసగా విచారింపవలసియున్నది.

ముందుగా తల్లి పక్షము. పత్తికట్టె తీసిపారవేయదగిన పుల్ల కాదు. పత్తి స్వభావమున చెట్టుజాతికి చెందినది. మనము ఒక్క ఋతువు పంటగా పెంచినను దాని కాండము కలపవలె గట్టిపడును. బాగుగా ఎండిన పత్తికట్టె కిలో ఒకటికి సుమారు 4,000 కిలోకేలరీల వేడినిచ్చును. సామాన్యమైన వంటచెఱకునకు అది తీసిపోదు. హెక్టారు చేనికి రెండు మూడు టన్నుల కట్టె దిగును. అనగా ఎకరమునకు సుమారు ఒక టన్ను. దినమునకు ఐదు కిలోలు కాల్చు ఇంటికి ఎకరము కట్టె రెండువందల దినములు వచ్చును. రెండెకరముల కట్టె దొడ్డిలో వామివేసికొనిన యిల్లాలు ఏడాది పొడుగునా నిశ్చింతగా నుండును. అడవి దూరమై, చెఱువుగట్టు తుమ్మలు కరవైన మెట్టప్రాంతమున ఈ నిశ్చింత విలువ తక్కువది కాదు.

అయినను ఆ వేడి యంతయు గిన్నెకు చేరునా? చేరదు. మామూలు మట్టిపొయ్యిలో పుట్టిన వేడిలో నూటికి పది పదిహేను పాళ్ళు మాత్రమే వంటకు ఉపయోగపడును. తక్కినది గోడలను, గాలిని వేడిచేసి పోవును. గ్యాసుపొయ్యి మీద నూటికి సుమారు అఱువది పాళ్ళు గిన్నెకు అందును. ఇక్కడ బడిపిల్లలు చేయదగిన చిన్న లెక్క యొకటి కలదు. ఎకరము కట్టెలోని వేడి 40 లక్షల కిలోకేలరీలు. అందులో పదవవంతు 4 లక్షలు. 14.2 కిలోల గ్యాసు సిలిండరులోని వేడి సుమారు 1,56,000 కిలోకేలరీలు. అందులో నూటికి అఱువది పాళ్ళు సుమారు 94,000. భాగించి చూచినచో ఎకరము పత్తికట్టె నాలుగు సిలిండర్లకు కొంచెము పైగా సమానమని తేలును. పొయ్యి మంచిదై పదిహేను పాళ్ళు అందించినచో ఆఱు సిలిండర్ల పైచిలుకునకు సమానము. కట్టెను పెఱికి, మోపులు కట్టి, బండికెత్తి, వామివేసి, దినదినము విఱిచి మంటపెట్టు శ్రమకంతటికిని ఫలము ఇంతయే. ఇది స్వల్పమనరాదు. మిక్కిలి యనియు అనరాదు.

ఇక కోడలి పక్షము. పొయ్యిలో కాలునది కట్టె యొక్కటే కాదు. ఊదుగొట్టము పట్టినవారి కండ్లును ఊపిరితిత్తులును కాలుచుండును. అమెరికా శాస్త్రజ్ఞుడు కిర్క్ స్మిత్ 1981లో తన సహచరులతో గుజరాత్ పల్లెలకు వచ్చి, వంట చేయు స్త్రీలకు చిన్న పరికరములు తగిలించి, వారు పీల్చు పొగను కొలిచెను. పట్టణములలోని కర్మాగారముల పొగను గూర్చి మాటలాడుచుండిన లోకము, వంటయింటి పొగ అంతకన్న దట్టమైనదని అప్పటినుండి గ్రహింపసాగినది. ఇంటిలోపలి పొగ వలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది అకాలమృత్యువు పాలైనట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కగట్టినది. వారిలో అయిదేండ్లు నిండని పసివారును అనేకులు కలరు. తల్లి చంకలోని బిడ్డయు తల్లితోపాటు ఆ పొగనే పీల్చును గదా!

ఈ బాధను తెలుగునేల మీద ముందే గుర్తించినవారు లేకపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాల అధిపతిగా నుండిన డాక్టరు ఎస్.పి. రాజు పొగగొట్టము గల మట్టిపొయ్యిని రూపొందించి, సామాన్యుల యిండ్లకు పొగలేని వంటగదులు అను ఆశయమును వివరించుచు 1953లో ఆంగ్లమున చిన్న పుస్తకము ప్రకటించిరి. ఆ పొయ్యికి కావలసినవి ఊరిమట్టి, ఒక గొట్టము, కొంచెము శ్రద్ధ. 1983లో కేంద్రప్రభుత్వము మెఱుగైన పొయ్యిల కొఱకు దేశవ్యాప్త కార్యక్రమము ప్రారంభించి 2002 వరకు నడిపినది. ఎన్నో యిండ్లలో గొట్టము పగిలినపిమ్మట మరల పెట్టించిన వారు లేక ఆ పొయ్యిలు పాతదారి పట్టినవి. 1999లో ఆంధ్రప్రదేశమున దీపం పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును పేదయిండ్లకు గ్యాసును తెచ్చినవి. 2024 నవంబరులో రాష్ట్రప్రభుత్వము రెండవ దీపం పథకమును ప్రారంభించి, అర్హత గల కుటుంబములకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమని ప్రకటించినది.

అయినను కట్టెపొయ్యి వెళ్ళిపోలేదు. వంటయింటి నుండి పెరటిలోనికి జరిగినది. నీళ్ళు కాచుటకు, పశువులకు ఉలవలు ఉడికించుటకు, పండుగపూట అరిసెలు వండుటకు అది యుండవలసినదే. పెరటిగాలిలో మండు పొయ్యి, మూసిన వంటయింటిలో మండు పొయ్యి యంత చెఱుపు చేయదు. కావున కోడలి కోరిక కట్టె వలదని కాదు. దినదినము కట్టెకు దాసి కావలసిన అవసరము వలదని.

ఈ యింటిలో ఎవ్వరును తలపని హక్కుదారు ఒకరున్నారు. అదియే గులాబీరంగు కాయతొలుచు పురుగు. మన దేశమునందలి భరూచ్ ప్రాంతపు పత్తి నుండి తెచ్చిన పురుగులను పరిశీలించి 1843లో సాండర్స్ అను ఆంగ్లేయుడు దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. దీని పిల్లపురుగు లేతకాయలో దూరి గింజను తినును. దూరిన రంధ్రము పూడిపోవును. పైకి కాయ నవనవలాడుచునే యుండును. కాయ పగిలి, దూది గారపట్టి, గింజ డొల్లయై కనబడు వరకు రైతునకు దొంగ ఇంట నున్నట్లు తెలియదు.

పంట చివర ఈ పురుగు మఱియొక నేర్పు చూపును. తిండి తగ్గి, వాతావరణము మాఱగానే గింజలలోను, కట్టెకు అంటియుండు పగులని ఎండుకాయలలోను ముడుచుకొని నెలల తరబడి నిద్రించును. అట్టి కట్టెను తెచ్చి దొడ్డిలో వామివేసినచో, వచ్చు సంవత్సరపు శత్రువును ఇంటికి తెచ్చి గొడుగు పట్టినట్లే. తొలకరి వాన పడి గాలిలో తేమ చేరగానే అది రెక్కల పురుగై లేచి, క్రొత్తగా మొలిచిన చేలను వెదకికొని పోవును. తల్లి దాచిన వామి ఈ విధముగా కొడుకు చేనికి చేటగును. ఇంటిల్లిపాదియు మఱచినది ఇదియే.

2002లో బీటీ పత్తియు, 2006లో రెండు విషజన్యువులు గల రెండవ తరము బీటీ పత్తియు మన దేశమున అనుమతి పొందినప్పుడు ఈ పురుగు పీడ వదలినదనియే అందఱును తలచిరి. కాని 2010 నాటికే గుజరాత్‌లో మొదటి తరము విత్తనమును ఈ పురుగు తట్టుకొనుచున్నదని వెల్లడియైనది. తరువాతి సంవత్సరములలో రెండవ తరపు విత్తనమునకును లొంగలేదు. తెలుగునాటి పత్తిచేలును ఆ బాధ తప్పించుకొనలేదు. విత్తనములోని రక్ష సడలినచోట, గడువులోపల చేను తీసివేయుట అను తాతలనాటి పద్ధతియే మరల మొదటి రక్షయైనది.

పురుగు మాట ఈ నేలపై తేలికగా ఆడదగినది కాదు. 1980 తరువాతి మధ్య సంవత్సరములలో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని పీల్చివేసినది. దాని వెంబడి శనగపచ్చపురుగు వచ్చినది. 1987-88లో పంటపోయి, మందుల అప్పు మిగిలి, ఈ జిల్లాల పత్తిరైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. నాటి పురుగులు వేఱు. కాని అవి నేర్పిన పాఠము నేటికిని వర్తించును. పురుగు పైబడిన పిమ్మట మందుడబ్బాతో పోరాడుట కన్న, రాకముందే దాని గూడు చెఱచుట చవుక.

గూడు చెఱచుటకు గడువు పెట్టుట క్రొత్త యాలోచన కాదు. గుంటూరు మద్రాసు రాజధానిలో భాగముగా నుండిన దినములలో, 1919 నాటి చీడపీడల చట్టము క్రింద కోయంబత్తూరు ప్రాంతపు రైతులు కంబోడియా పత్తిమొక్కలను ఏటేటా నియమితమైన తేదీలోపల పెఱికివేయవలసి యుండెను. అమెరికాలో పత్తిపండించు పడమటి రాష్ట్రములును కట్టెను నుఱిమి దున్నివేయుటకు గడువులు విధించినవి. ఆ గడువులకు తోడు బీటీ విత్తనమును, వంధ్యములైన పురుగులను గాలిలో వదలుటయు, ఆడపురుగు వాసనను పోలిన మందుతో మగపురుగులను దారితప్పించుటయు కలసి, 2018 అక్టోబరులో ఆ దేశపు పత్తిచేల నుండి ఈ పురుగు నిర్మూలమైనదని అక్కడి ప్రభుత్వము ప్రకటించినది. ఒక రైతు గడువు పాటించి పొరుగువాడు పాటింపనిచో ఇది సాధ్యమయ్యెడిది కాదు. రెక్కల పురుగునకు పొలిమేర రాయి తెలియదు.

ఇప్పుడు కొడుకు పక్షమునకు వత్తము. కట్టెను ముక్కలుచేసి నేలలో కలిపినచో పురుగు గూడు చెదరును, నేలకు సేంద్రియపదార్థమును చేరును. ఏటేటా పంటను తీసికొనుటయేగాని తిరిగి ఇచ్చుట తక్కువైన నల్లరేగడికి అది అవసరమే. కట్టెను కాల్చినచో పొటాషు బూడిదలో మిగులును గాని నత్రజని పొగతో పోవును. చేనిలోనే కుప్పవేసి నిప్పుపెట్టుట అన్నిటికన్న చెడ్డమార్గము. ఆ మంట ఇంటికి వేడినియ్యదు, నేలకు ఎరువునియ్యదు, ఊరికి పొగను మాత్రము పంచును.

అయితే యంత్రమనగానే పని తీఱినట్లు కాదు. నిలువుకట్టె మీద నేరుగా రోటవేటరు తోలినచో పొడవుపుల్లలు దాని ఇరుసునకు చుట్టుకొనును. ముందు ష్రెడ్డరుతో కట్టెను చిన్నముక్కలుగా నుఱిమి, ఆ తరువాత రోటవేటరుతో కలుపుట మేలు. నేలలో కొంత తడి యుండగా కలుపవలెను. ఎండాకాలపు పొడినేలలో అది కుళ్ళదు. కుళ్ళునప్పుడు నేలలోని సూక్ష్మజీవులు తమ ఆహారము కొఱకు నత్రజనిని కొంతకాలము పట్టియుంచుకొనును. కనుక విత్తుటకు చాల ముందుగనే ఈ పని కావలెను. వేరుకుళ్ళు, ఎండుతెగులు తగిలిన చేని కట్టెను నేలలో కలుపరాదు. దానిని వేళ్ళతో పెఱికి తొలగింపవలెను. పెఱికెడివారికి చేతులు బొబ్బలెక్కకుండ, మొదలును పట్టి లాగు ఇనుప పనిముట్టు ఇచ్చుట ధర్మము.

వాడిన యంత్రమును కొనదలచినవారు ఎద్దును కొనునంత జాగ్రత్త వహింపవలెను. ఎద్దు పండ్లు చూచినట్లు, రోటవేటరుకు ముందుగా గేరుపెట్టెను చూడవలెను. నూనె కారుచున్నదా? నూనెను వేలితో రాచినచో ఇనుపరజను తగులుచున్నదా? తగిలినచో లోపలి పండ్లు అఱిగినవని యర్థము. కత్తులు అఱిగియున్న భయములేదు. అవి మార్చుకొనదగినవి. గేరుపెట్టె చెడినచో మరమ్మతు ఖర్చు కొన్న ధరతో పోటీపడును. ఇరుసు వంగినదా, అతుకులు వేసినారా యని పరీక్షింపవలెను. ట్రాక్టరు ఆపి, చేతితో ఇరుసును త్రిప్పి, బేరింగుల చప్పుడు వినవలెను. ట్రాక్టరు నుండి శక్తిని తెచ్చు షాఫ్టుపై తొడుగు ఉన్నదో లేదో తప్పక చూడవలెను. నిమిషమునకు 540 సార్లు తిరుగు ఆ షాఫ్టు పంచెకొంగును గాని చీరచెఱగును గాని అందుకొనినచో మనిషిని విడువదు. పాతయంత్రముపై క్రొత్తరంగు మెఱయుచున్నచో అనుమానము పెంచుకొనవలెను. రాయితీపై కొనిన యంత్రమైనచో కాగితములు చూడవలెను. చివరకు, బేరమాడుటకు ముందు దానిని చేనిలో ఒక గంట నడిపించి చూడవలెను.

ఇన్ని పరీక్షలలో నెగ్గినను ఐదెకరముల రైతునకు ఆ యంత్రము తగునా? ఎకరమునకు గంట, గంటన్నర చొప్పున ఐదెకరములు ఐదు మొదలు ఏడున్నర గంటల పని. దుక్కి పనులను కలిపినను ఏడాదిలో అది పనిచేయు దినములు వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. తక్కిన దినములలో చెట్టుక్రింద త్రుప్పుపట్టుచుండును. క్రొత్త రోటవేటరు వెల లక్ష రూపాయలకు అటునిటుగా నున్న ఈ దినములలో సగము ధర చవుకవలె తోచవచ్చును. కాని పని లేని యంత్రము ఎంత చవుకకు వచ్చినను ప్రియమే. అదే యంత్రమును పదిమంది రైతులు కలసి కొని ఏబది ఎకరములలో త్రిప్పినచో దానికి తగిన పని దొరకును. లేదా గంట లెక్కన అద్దెకు తెచ్చుకొనవచ్చును. 2014 నుండి వ్యవసాయ యాంత్రీకరణకు కేంద్రప్రభుత్వము నడిపిన పథకమున అద్దెయంత్రముల కేంద్రములకు సహాయము లభించుటచే ఈ మార్గము మునుపటికన్న సులభమైనది.

ఇంకొక పక్షము మిగిలియున్నది. ఆ పక్షమువారు ఈ యింటివారు కారు. చాల పల్లెలలో పత్తికట్టెను పెఱికి చేను శుభ్రముచేయు కూలీలు ఆ కట్టెను తమ పొయ్యికి తీసికొనిపోవుదురు. సెంటు భూమి లేని కుటుంబమునకు అది ఏడాది వంటచెఱకు. యంత్రము రాగానే ఆ కూలియు పోవును, ఆ కట్టెయు పోవును. మెట్టప్రాంతపు పల్లెలలో మఱియొక గిరాకీ గలదు. మనుష్యుల యిండ్లను కట్టెతో వెచ్చజేయవలసిన చలి ఈ మైదానమున లేకపోయినను, కట్టెతో వెచ్చజేయబడు కట్టడము ఒకటి గలదు. అదియే పొగాకు బ్యారను. పచ్చియాకును లోపల వ్రేలాడదీసి, అయిదాఱు దినములు రేయింబవళ్ళు మంట నిలిపి, వేడిని క్రమక్రమముగా సుమారు 70 డిగ్రీల వరకు పెంచుదురు. ఆ మంట కొఱకు ఎన్నో తోపులు నఱకబడినవి. 1976లో గుంటూరు ప్రధానస్థానముగా ఏర్పడిన పొగాకు బోర్డు, అడవికట్టెకు బదులు పంటకట్టె వంటి ఇతర ఇంధనములను ప్రోత్సహించుచున్నది. పత్తికట్టెను నుఱిమి అచ్చులు పోసినచో బ్యారనులకును, ఇతర కొలుములకును పనికివచ్చును. కనుక కట్టెకు పొయ్యి, పొలము అను రెండే దారులు గలవనుటయు సరికాదు.

ఇన్ని పక్షములను విచారించినపిమ్మట తేలునదేమి? కట్టె ఎచ్చటికి పోయినది అనుదానికన్న ఎప్పటిలోగా పోయినది అనునది ముఖ్యము. నేలలో కలిసిన కట్టెయు మంచిదే. పొయ్యిలో కాలిన కట్టెయు మంచిదే. కొలిమికి అమ్ముడైనదియు మంచిదే. ఏ నిర్ణయమును లేక చేనిగట్టున వేసవి యంతయు పడియుండిన కట్టె మాత్రము చెడ్డది. జనవరి దాటకుండ పంటను ముగించి, ఆశకొలది ఇంకొక తీత కొఱకు నీరు పెట్టక, చివర గొఱ్ఱెలమందను, మేకలను చేనిలో తోలి మిగిలిన కాయలను మేపించి, ఆ వెంటనే కట్టెను తీసివేయవలెను. ఇంటికి తెచ్చు కట్టెను ముందుగా దులిపి, ఎండుకాయలను ఏరి కాల్చివేసి, తొలకరిలోపల వాడుకొనదగినంత మాత్రమే తేవలెను.

ఈ సూత్రమును ఆ యింటి తగవునకు అన్వయించి చూడవచ్చును. ఐదెకరములలో ఒక యెకరము కట్టెను కాయలు ఏరి తల్లికి అప్పగింతురు. అది తొలకరి వరకు పెరటిపొయ్యికి సరిపోవును. ఒక యెకరము కట్టెను అదే నియమముపై పెఱికిన కూలీలకు విడుతురు. మూడెకరములు అద్దెయంత్రముతో నేలలో కలుపుదురు. కొడుకు పాతయంత్రపు బేరమును ఈ యేటికి వాయిదావేసి, బావను, ఇరుగుపొరుగు రైతులను కలుపుకొని వచ్చే యేటికి ఉమ్మడిగా కొనుటకు యత్నించును. మిగిలిన సొమ్ములో కొంత వంటయింటి గ్యాసునకును, పెరటిపొయ్యికి పొగగొట్టమునకును పోవును. అందఱకును అన్నియు దక్కలేదు. కాని ఎవ్వరికిని అన్యాయము జరుగలేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిగదిలో నుండి చేనిలోనికి తీసికొనిపోవచ్చును. పిల్లలచేత ఒక చదరపు మీటరు చేనిలోని ఎండుకట్టెను తూయించి, దానిని 4,047తో గుణింపజేసినచో ఎకరము కట్టె బరువు తేలును. మీటరుకు పావుకిలో వచ్చినచో ఎకరమునకు టన్ను. ఇరువది ఎండుకాయలను విప్పించి, ఎన్నింటిలో పురుగు దాగియున్నదో లెక్కపెట్టించినచో, ఆ యూరి చేలకు వచ్చే యేడు రానున్న ముప్పు పిల్లల కండ్లకే కనబడును. ఆ లెక్కను సాయంకాలము ఇంటికి తీసికొనిపోయి చెప్పు బిడ్డ మాట, ఎందఱో అధికారుల ప్రకటనల కన్న తండ్రి చెవికి త్వరగా ఎక్కును.

మన పెద్దలు పాతదానిని వదలించుకొనుటకు ఏడాదిలో ఒక దినమును ఏర్పరచినారు. భోగినాటి తెల్లవారుజామున ఇంటనున్న పాతసామానులను తెచ్చి వీధిమంటలో వేయుదురు. పత్తిచేలు ముగింపునకు వచ్చు కాలమును సరిగా అదియే. పల్నాటి పిల్లలు భోగికి పిడకల దండలతో పాటు, తమ చేలలో ఏరిన పురుగుకాయలను తలా ఒక బుట్టెడు తెచ్చి ఆ మంటలో వేసినచో, మఱుసటి యేటి పంటకు అంతకన్న మంచి శుభారంభము ఉండబోదు. అప్పుడు అత్త తన వామిని, కొడుకు తన నేలను, కోడలు తన ఊపిరిని కాపాడుకొనగలరు.